కంచెతో సహా ఒక ఫోటో



స్మారకోపన్యాసం అన్నాక పోయిన మనిషిని నాలుగు మంచి మాటలతో తలుచుకోవడం ఆనవాయితీ. తన డార్క్‌రూములో మాకు ఫోటో పని నేర్పిన మాస్టారికి మాత్రం ఎదుట పొగిడినా చాటున పొగిడినా గిట్టేది కాదు. ఎవరైనా మొదలుపెడితే "అది సరే, ప్రింటేదీ?" అనేవారు. అందుకని ఆయన గురించి తక్కువ మాట్లాడి, ఆయన మా అందరినీ అడిగిన ప్రశ్న ఒకటి పట్టుకుంటాను. ఫ్రేములోంచి దేన్ని తీసేస్తున్నావు, ఎవరి కోసం తీసేస్తున్నావు? ఈ ప్రశ్నకు నేను ఎంచుకున్న చోటు మన హైదరాబాదులో లేదు. అమెరికాలో, సియాటిల్ నగరంలో, లేక్ యూనియన్ అనే సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉంది. గ్యాస్ వర్క్స్ పార్క్ అంటారు. నేనుండేది ఆ ఊరి పక్కనే. నా కెమెరా బాగా తిరిగిన నేల అది.

ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది ఆ పార్కును చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. సియాటిల్‌లో ఉన్న మీ అబ్బాయో కోడలో వాట్సాప్‌లో పంపిన ఫోటోలు ఒకసారి వెనక్కి జరిపి చూడండి. పచ్చటి గడ్డి గుట్ట, కింద నీలం నీళ్ళు, తెల్ల తెరచాప పడవలు, అవతలి ఒడ్డున అద్దాల మేడలు, కుడిపక్కన స్పేస్ నీడిల్. అది గుట్ట మీదినుంచి దక్షిణంగా తిరిగి తీసినది. ఆ అద్దాల మేడల్లోనే అమెజాన్ ఆఫీసులు ఉన్నాయి, వాటిలో మన పిల్లలు ఉన్నారు. రెండో రకం ఫోటో ఇంకొకటి ఉంటుంది. పట్టుచీరలో పెళ్ళికూతురు, పక్కన షేర్వాణీలో పెళ్ళికొడుకు, వెనకాల తుప్పుపట్టిన పెద్ద పెద్ద ఇనుప బురుజులు. పెళ్ళిముందు ఫోటోషూట్లకు, యూనివర్సిటీ పట్టా పుచ్చుకున్న పిల్లల నల్ల గౌన్లకు అది పెట్టింది పేరు. అమ్మానాన్నలు మాత్రం ఊరినుంచి వచ్చి ఆ ఇనుము ముందు నిలబడమంటే మొహం చిట్లిస్తారు. "శుభమా అంటూ పెళ్ళి ఫోటో, ఈ తుక్కు ముందేమిటే?" అని ఒకావిడ కూతుర్ని గట్టిగానే అడగడం విన్నాను. సరైన ప్రశ్నే. ఆ తుక్కు అక్కడెందుకుందో చెప్పి ఫోటో దగ్గరికి వస్తాను.

1903లో ఓల్మ్‌స్టెడ్ సోదరుల సంస్థ సియాటిల్‌కు పార్కుల ప్రణాళిక గీసినప్పుడే, సరస్సులోకి పొడుచుకొచ్చిన ఈ కొమ్ము పార్కుకు బాగుంటుందని చూసింది. పార్కు రాలేదు. 1906లో గ్యాస్ ఫ్యాక్టరీ వచ్చింది. భూమిలోంచి తీసే సహజవాయువు ఆ ఊరికి అప్పటికి లేదు. బొగ్గును మూసిన కొలుముల్లో గాలి తగలకుండా ఉడికిస్తే వచ్చే గ్యాస్‌ను గొట్టాల్లో ఊరికి పంపేవాళ్ళు. దీపాలకు, తర్వాత పొయ్యిలకు, చలికాలం ఇల్లు వేడిచేసుకోవడానికి దాన్ని వాడేవాళ్ళు. 1937 నుంచి బొగ్గు బదులు నూనె వాడారు. లోపల ఇటుక పేర్చిన బురుజును ఎర్రగా కాల్చి, అందులోకి నూనె చిమ్మితే అది విరిగి గ్యాస్ అయ్యేది. ఆ గ్యాస్‌ను నీళ్ళతో కడిగి మసి, తారు వేరుచేసేవాళ్ళు. ఇప్పుడు పెళ్ళి ఫోటోల వెనక కనిపించేవి ఆ కాల్చిన బురుజులూ, ఆ కడిగిన బురుజులే.

కడిగితే వచ్చింది ఎక్కడికి పోతుంది? తారు కొంత అమ్ముడుపోయింది. నాఫ్తలీన్ కూడా ఈ తారులోదే, మన బీరువాల్లో వేసుకునే కలరా ఉండల సరుకు. అమ్ముడుపోనిది, ఒలికింది, కారింది, అంతా నేలలోకీ సరస్సు అడుగుకీ దిగింది. 1956లో సహజవాయువు పైపులైను ఊరికి చేరింది, ఫ్యాక్టరీ మూతపడింది. అర్ధ శతాబ్దం పొగ కక్కిన చోటు ఒక్క ఏడాదిలో అక్కరలేనిదైంది. 1962లో నగరం ఆ స్థలం కొనడానికి ఒప్పందం చేసుకుంది. సుమారు 20 ఎకరాలు.

ఇక్కడ ఇద్దరు మనుషుల గురించి చెప్పాలి. ఫోటోగ్రాఫర్లు ఒకరి పేరే చెప్తారు. నాకు రెండోవారి మీద గౌరవం కొంచెం ఎక్కువ.

మొదటివారు రిచర్డ్ హాగ్. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ విభాగాన్ని 1964లో మొదలుపెట్టిన మనిషి. పార్కుకు రూపం గీయమని నగరం ఆయనకు అప్పగించింది. అందరూ అనుకున్నదేమిటంటే ఇనుమంతా కోసి తుక్కుకు అమ్మేసి, చదునుచేసి, గడ్డీ చెట్లూ వేస్తారని. హాగ్ వెళ్ళి ఆ ఆవరణలోని పాత కమ్మరి కొట్టంలో ఆఫీసు పెట్టుకున్నాడు. రాత్రిళ్ళు అక్కడే పడుకున్న రోజులూ ఉన్నాయి. చూడగా చూడగా ఆయనకు ఆ బురుజులు తీసేయడానికి మనసొప్పలేదు. చెట్టూ కొండా లేని ఆ చోట నిలబడి ఉన్నవి అవే కదా, వాటినే ఉంచుదామన్నాడు. ఊళ్ళో గోలయింది. హాగ్ జనాన్ని అక్కడికే పిలిచి, నడిపించి, చూపించి, ఓపిగ్గా ఒప్పించాడు. 1975లో పార్కు తెరిచారు. బాయిలర్ ఇల్లు వనభోజనాల చావడి అయింది. కంప్రెసర్లున్న షెడ్డు, యంత్రాలకు ఎరుపూ పసుపూ నీలం రంగులు వేసి, పిల్లల ఆటచోటు అయింది. ఫ్యాక్టరీని కూల్చకుండా పార్కు చేయడమనే ఆలోచన తర్వాత చాలాచోట్ల పాకింది. జర్మనీలో డ్యూయిస్‌బర్గ్‌లో 1985లో మూతపడ్డ థిస్సెన్ ఇనుము కర్మాగారాన్ని పీటర్ లాట్జ్ అలాగే మలిచాడు. న్యూయార్క్‌లో ఈస్ట్ రివర్ ఒడ్డున డొమినో పంచదార ఫ్యాక్టరీ ఉన్నచోట 2018లో తెరిచిన పార్కులో కూడా పాత క్రేన్లు నిలబెట్టారు. హాగ్ 2018లో, తొంభై నాలుగేళ్ళ వయసులో పోయాడు.

రెండోవారు మర్టిల్ ఎడ్వర్డ్స్. నగర కౌన్సిలు సభ్యురాలు. ఆ స్థలం నగరం కొనాలి, జనానికి పార్కు కావాలి అని పట్టుబట్టింది ఆవిడ. 1969లో కారు ప్రమాదంలో చనిపోయింది. పార్కుకు ఆవిడ పేరే పెట్టాలనుకున్నారు. ఇనుము అలాగే ఉంచేస్తారని తేలాక, 1972లో ఆవిడ కుటుంబం ఆ పేరు వద్దంది, వెనక్కి తీసుకోమంది. తర్వాత నగరం ఎలియట్ బే ఒడ్డున వేరే పార్కుకు ఆవిడ పేరు పెట్టింది.

ఈ కథను మా ఫోటోగ్రాఫర్లు నవ్వుతూ చెప్పుకుంటారు, అందం తెలియని పాతకాలం మనుషులన్నట్టు. నేనలా చెప్పలేను. ఆ ఒడ్డున ఇళ్ళున్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ మసిని పీల్చారు, ఆరేసిన బట్టల మీదినుంచి దులుపుకున్నారు. అది పోవాలనే పార్కు అడిగారు. తుప్పులో అందం కనిపించాలంటే దాని పొగ మన ముక్కుకు తగిలి ఉండకూడదు. హాగ్ చేసింది గొప్ప పనే, నేను అతని పక్షమే. అయినా ఆ కుటుంబం పేరు వెనక్కి తీసుకోవడం కూడా ఆ పార్కు చరిత్రలో భాగం. ఏ ఫోటోలోనూ పడని భాగం.

ఫోటోలో పడనిది ఇంకొకటి ఉంది, నేల. తారు దిగిన మట్టినంతా తవ్వి తీసుకుపోవడం తలకు మించిన ఖర్చు. హాగ్ దాన్ని అక్కడే ఉంచి మాన్పుదామన్నాడు. మురుగుశుద్ధిలో మిగిలిన మడ్డి, రంపపు పొట్టు, రాలిన ఆకులు తెచ్చి మట్టిలో కలిపి దున్నించాడు. నూనెను తినే సూక్ష్మజీవులు మట్టిలో ఉంటాయి, వాటికి గాలీ తిండీ అందిస్తే అవే పని చేసుకుపోతాయన్నది లెక్క. అప్పటికి ఇది కొత్త సాహసం. పడగొట్టిన పునాదుల కాంక్రీటు ముక్కలన్నీ ఒకచోట పోగేసి, పైన మంచి మట్టి కప్పి గడ్డి వేస్తే గుట్ట అయింది. కైట్ హిల్ అంటారు, గాలిపటాల గుట్ట. మీ అబ్బాయి ఫోటో తీసిన పచ్చటి గుట్ట అదే. దాని కడుపులో ఉన్నది ఫ్యాక్టరీయే.

మాన్పుడు పూర్తయిందా అంటే, లేదు. 1984లో మట్టిలో క్యాన్సర్ కలిగించే తారు జాతి రసాయనాలు బయటపడి పార్కును కొన్నాళ్ళు మూసేశారు. తర్వాత కొన్నిచోట్ల కొత్త మట్టి కప్పారు, నేల అడుగుకు గాలి పంపి బెంజీన్ ఆవిర్లను లాగేశారు. ఇవాళ గడ్డి మీద కూర్చోవచ్చు, పడుకోవచ్చు, పిల్లలు దొర్లవచ్చు. సరస్సులో మాత్రం దిగకూడదు. ఒడ్డున బోర్డు ఉంటుంది. ఎండాకాలం ఆదివారం సాయంత్రం ఆ ఒడ్డున వందలమంది నీళ్ళకు చెయ్యి చాచే దూరంలో కూర్చుంటారు, ఒక్కరూ కాలు తడుపుకోరు. వేరే ఊరినుంచి వచ్చినవాడికి అది వింతగా కనిపించాలి. అంత అందమైన ఒడ్డున అందరూ పొడి కాళ్ళతో ఉన్న ఫోటో నేను తీశాను. చూసినవాళ్ళు సూర్యాస్తమయం బాగుందన్నారు.

ఇక కెమెరా పని. ముందు వెలుతురు, ఎందుకంటే మన దగ్గర నేర్చుకున్న లెక్కలు అక్కడ పనికిరావు. హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, సియాటిల్ 47 దాటింది. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం మన దగ్గర సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మనిషి నీడ మనిషికంటే పొట్టి. అక్కడ అదే వేళకు 19 డిగ్రీలు. మనిషి నీడ మనిషికి మూడింతలు. మధ్యాహ్నం పన్నెండింటికి సాయంత్రపు వెలుగు అనుకోండి. నాలుగున్నరకల్లా అదీ ఉండదు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురే. గుట్ట నెత్తిన చార్లెస్ గ్రీనింగ్, కిమ్ లాజారే అనే కళాకారులు 1978లో కట్టిన నీడగడియారం ఒకటి ఉంది. కాంక్రీటులో కంచు, గవ్వలు, గాజు, పింగాణీ ముక్కలు పొదిగినది. దానికి ముల్లు ఉండదు. నెల గుర్తు మీద మనమే నిలబడాలి, మన నీడే ముల్లు. ఫోటో నేర్చుకునే పిల్లల్ని నేను ముందు అక్కడికే తీసుకెళ్ళి నిలబెడతాను, కెమెరా సంచిలోంచి తీయొద్దంటాను. సూర్యుడు ఎక్కడున్నాడో ఒంటికి తెలిశాక లెన్సు సంగతి.

బురుజులు గుట్టకు తూర్పున ఉంటాయి. పొద్దున గుట్ట మీదినుంచి తీస్తే అవి నల్లటి బొమ్మలు. సాయంత్రం అదే చోటినుంచి తుప్పు బంగారంలా మెరుస్తుంది. నూటికి తొంభై ఫోటోలు ఆ సాయంత్రానివే. నాకు మాత్రం ఆ ఊరికి ఇబ్బడిముబ్బడిగా ఉన్న మబ్బు వెలుతురే ఇష్టం. నీడలుండవు, మెరుపుండదు. రివెట్టు తల రివెట్టు తలలాగే కనిపిస్తుంది. జర్మనీలో బెర్న్డ్ బెషర్, హిల్లా బెషర్ అనే భార్యాభర్తలు 1959 నుంచి కొన్ని దశాబ్దాలపాటు ఈ మబ్బు వెలుతురులోనే నీటి ట్యాంకులు, గ్యాస్ ట్యాంకులు, కొలుములు ఫోటోలు తీశారు. పెద్ద ఫార్మాట్ కెమెరా, నలుపు తెలుపు, ఎదురుగా నిటారుగా, మనుషులు లేకుండా. తీసినవాటిని వరసల్లో పేర్చి చూపించేవాళ్ళు. ఆ ఫోటోలకు 1990లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో బహుమానం వచ్చింది, అదీ శిల్ప విభాగంలో. కూలిపోబోయేవాటిని కూలకముందే పట్టుకోవడం వాళ్ళ పని. మన పని వేరు. గ్యాస్ వర్క్స్ కూలదు. దాన్ని నిలబెట్టాలని ఊరు తీర్మానించుకుంది, 2013 నుంచి అది అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉంది. నిలిచిపోయినదాన్ని, జనం తిరుగుతున్నదాన్ని బెషర్ల పద్ధతిలో మనుషులు లేకుండా తీస్తే అది అబద్ధమవుతుంది. కానీ ఇప్పటికీ తెల్లవారుజామునే వచ్చి, జాగింగు చేసేవాడు ఫ్రేము దాటేదాకా కాచుకుని తీసేవాళ్ళున్నారు.

ఇప్పుడు కంచె. పెద్ద బురుజుల చుట్టూ ఇనుప జాలీ కంచె ఉంది, మీద హెచ్చరిక బోర్డులు. కంచె ఉన్నా పైకెక్కి, పడి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రవాళ్ళు ఉన్నారు. కాబట్టి కంచె ఎందుకని అడగక్కర్లేదు. ఫోటోగ్రాఫరు ఆ కంచెతో ఏం చేస్తాడన్నదే నా ప్రశ్న. అందరం ఒకటే చేస్తాం. లెన్సును జాలీకి ఆనిస్తాం, అపెర్చర్ పూర్తిగా తెరుస్తాం, వెనకాల బురుజు మీద ఫోకస్ పెడతాం. లెన్సుకు అంత దగ్గరున్న తీగ మసకబారి కరిగిపోతుంది. ఫోటోలో కంచె ఉండదు. ఫోన్ అయితే ఇంకా సులువు, దాని లెన్సు జాలీ కన్నంలో దూరిపోతుంది. అలా కూడా కుదరకపోతే ఇప్పటి ఫోన్లలో వేలితో రుద్దితే కంచె చెరిగిపోతుంది, వెనకాల లేని ఇనుమును కూడా అదే అల్లి పెడుతుంది.

నేను చెప్పేది దీనికి ఎదురు. జాలీనుంచి రెండడుగులు వెనక్కి రండి. అపెర్చర్‌ను పదకొండుకో పదహారుకో మూయండి. ఫోకస్‌ను కంచెకూ బురుజుకూ మధ్య ఎక్కడో పెట్టండి, వైడ్ లెన్సయితే రెండూ తేటగా వస్తాయి. అప్పుడు తెలుస్తుంది ఆ చోటు ఏమిటో. ఇనుమును ఉంచారు, ముట్టుకోనివ్వరు. నేలను మాన్పారు, లోతుకు తవ్వనివ్వరు. నీళ్ళను చూపిస్తారు, దిగనివ్వరు. ఈ మూడింటినీ ఒకేసారి చూపించగలిగింది ఆ పార్కులో కంచె ఒక్కటే. దాన్ని కరిగించేశాక మిగిలేది పాడుబడ్డ కోట. కోటలు మనకు గోలకొండ నుంచీ చాలినన్ని ఉన్నాయి. జాలీ పొడుగునా నడిచి చూడండి. ఒకచోట ఎవరో వేలాడదీసిన చిన్నపిల్ల ఉన్ని తొడుగు ఉంటుంది, పోగొట్టుకున్నవాళ్ళు వెతుక్కుంటారని. దాని వెనకాల, ముట్టుకోలేనంత దూరంలో, గొట్టం మూతి. ఒకచోట బ్లాక్‌బెర్రీ తీగ ఇటునుంచి అటు దూరి ఇనుమును పట్టుకుని ఉంటుంది. మనకు లేని అనుమతి దానికుంది.

పెళ్ళి ఫోటోలు తీసే కుర్రాళ్ళతో ఈ మాటంటే "అంకుల్, క్లయింటు డబ్బులివ్వడు" అంటారు. వాళ్ళది కడుపు కూటి వ్యవహారం, వాదించను. మాస్టారిదీ అదే వ్యవహారం. ఆయన ఏం చేశారో చెప్తాను.

హుస్సేన్‌సాగర్ పక్కన, ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్, ప్రసాద్స్ ఐమాక్స్ ఉన్న ప్రాంతంలో ఒకప్పుడు థర్మల్ పవర్‌హౌస్ ఉండేదని ఈ హాల్లో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నిజాం కాలంలో, 1920 ప్రాంతంలో కట్టినది. బొగ్గు మండించి ఈ ఊరికి దీపాలు వెలిగించిన చోటు. తర్వాత మూతపడింది, నేలమట్టమైంది, దాని మీద పార్కు వచ్చింది. విద్యుత్ సంస్థ ఆఫీసు పక్కనే మింట్ కాంపౌండులో ఇప్పటికీ ఉంది కాబట్టి ఆ జాడ అంతవరకైనా మిగిలింది. నీటి ఒడ్డు, ఫ్యాక్టరీ, పార్కు. సియాటిల్ కథే, ఒక్క మలుపు తేడా. అక్కడ ఉంచారు, ఇక్కడ తీసేశారు. ఏది మేలని నేను తీర్పు చెప్పను. మర్టిల్ ఎడ్వర్డ్స్ ఈ ఊళ్ళో ఉంటే మనవైపే ఉండేదేమో. కానీ పెళ్ళయిన జంటలు ట్యాంక్‌బండ్ మీద ఫోటో దిగే రోజుల్లో నీళ్ళ అవతల పొగగొట్టం కనబడేది. "అది రాకుండా చూడండి మాస్టారూ" అనేవాళ్ళు. మాస్టారు సరేననేవారు. తీసేటప్పుడు గొట్టంతో సహా తీసేవారు. ఎన్‌లార్జరు కింద ప్రింటు వేసేటప్పుడు పక్క కోసి ఇచ్చేవారు. ఎందుకలా అని నేనడిగితే, "వాళ్ళకు కావలసింది ప్రింటు, ఇచ్చాను. నెగటివు నాది" అన్నారు. అంటే గిరాకీ మాట విన్నారు, నెగటివును మాత్రం తగ్గనివ్వలేదు. మా కుర్రాళ్ళకు నేను చెప్పేదీ అదే. క్లయింటుకు కంచె లేని ఫోటో ఇవ్వండి. మీ కార్డులో కంచె ఉన్నది ఒకటి ఉంచుకోండి, తేదీతో సహా.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. ఆటచోటు అన్నానే, ఆ కంప్రెసర్ల షెడ్డు, అక్కడ పిల్లలకంటే వాళ్ళ తాతలు నాకు ఎక్కువ దొరుకుతారు. పిల్లలు ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి ఉరుకుతుంటే తాతలు బల్ల మీద కూర్చుని జాకెట్టు జిప్పు మెడదాకా లాక్కుని చలిని తిట్టుకుంటుంటారు. ఒకాయన మాత్రం కూర్చోలేదు. గోదావరి జిల్లాల్లో ఒక పంచదార ఫ్యాక్టరీలో బాయిలర్ మీద పనిచేసి రిటైరైన మనిషి. మనవణ్ణి వదిలేసి యంత్రం చుట్టూ తిరుగుతున్నారు. ఎర్ర రంగు వేసిన ఫ్లైవీలు వెనక్కి వంగి, వేలు పెట్టి ఏదో వెతుకుతున్నారు.

"ఏం చూస్తున్నారు బాబాయ్ గారూ?" అన్నాను.

"నూనె పోసే కప్పు ఎక్కడుందా అని బాబూ. ఇదుగో, ఇక్కడ. మూసేసి రంగేశారు." వేలితో ఆ చోటు తుడిచారు, మసి అంటుతుందేమోనన్నట్టు చేత్తో చేయి రుద్దుకున్నారు. ఏమీ అంటలేదు. "గ్రీజు లేదు. ఇంక ఇది మిషను కాదులే, బొమ్మ. పోన్లే, పిల్లలాడుకుంటున్నారు."

తర్వాత షెడ్డంతా కలియజూసి, "ఇక్కడ పనిచేసినవాళ్ళ ఫోటోలేవీ? మా ఫ్యాక్టరీలో సీజను మొదలయ్యేటప్పుడు షిఫ్టువారీగా నిలబెట్టి తీసేవాళ్ళు" అన్నారు.

ఆ షెడ్డులో లేవు. ఊరి మ్యూజియముల్లో, గ్రంథాలయాల్లో పాత ఫోటోలు ఉన్నాయి, నేను చూశాను. వాటిలోనూ కట్టడాలే ఎక్కువ. బురుజుకు కొలత తెలియడానికన్నట్టు ఎక్కడో ఒక మూల టోపీ పెట్టుకున్న మనిషి. ఆ కొలుముల ముందు నిలబడి బొగ్గు పోసిన మనిషికి చెమట ఎలా కారేదో, షిఫ్టు దిగాక దేంతో చేతులు కడుక్కునేవాడో బాబాయ్ గారికి తెలుసు, ఆయన పనీ అదే కాబట్టి. చక్రం మీద ఆయన చేయి ఉన్న ఫోటో ఒకటి తీశాను. బొటనవేలి గోరు ఎప్పుడో దెబ్బతిని నల్లగా అడ్డంగా పెరిగి ఉంది. చక్రం అంచున ఎర్ర రంగు పెచ్చు లేచి, దాని కింద పసుపు, దాని కింద ఇంకో ఎరుపు, అన్నిటికీ కింద ఇనుము. పై అంచున మనవడి బూటు సగం వచ్చింది. బూటు కోసెయ్యమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. కోయలేదు.

ఆ ఫోటో కింద ఏం రాయాలి? ఇది చిన్న సంగతి కాదు. ఇలాంటి చోట ఫోటో ఒక్కటే ఎప్పుడూ చాలదు. గడ్డి కింద తారు ఉందని ఏ లెన్సూ చెప్పదు. గుట్టలో పునాదులున్నాయని చెప్పదు. తెలుగులో మనం ఫోటో కింద రాసే వాక్యాన్ని మరీ చిన్నచూపు చూశాం. పత్రికల్లో ఫోటో ఎడిటర్లు ఇక్కడ ఉన్నారు, కోపగించుకోకండి. "ఆహ్లాదకర వాతావరణంలో సేదతీరుతున్న సందర్శకులు" అని వేస్తే ఆ ఫోటో ఇందిరా పార్కుదైనా ఒకటే, సియాటిల్‌దైనా ఒకటే. తేదీ, చోటు, కెమెరా ఎటు తిరిగి ఉంది, కాళ్ళ కింద ఏముంది. ఈ నాలుగూ రాయండి చాలు, కవిత్వం అక్కర్లేదు. చేయి ఫోటో కింద నేను యంత్రం పేరు, ఆ చేయి చేసిన ఉద్యోగం రాశాను. ఆయన పేరు రాయవద్దన్నారు, రాయలేదు.

చివరిగా ఒక పని గురించి చెప్పి దిగిపోతాను. ఆ సరస్సు అడుగున ఒడ్డు వెంబడి పేరుకున్న తారు మడ్డిని శుభ్రం చేయాలని నగరమూ, పాత గ్యాస్ కంపెనీ బాధ్యతలు సంక్రమించిన ప్యూజెట్ సౌండ్ ఎనర్జీ సంస్థా, రాష్ట్ర పర్యావరణ శాఖ పర్యవేక్షణలో ఏళ్ళుగా పరీక్షలు, ప్రణాళికలు చేస్తున్నాయి. కొంతచోట తోడతారు, కొంతచోట ఇసుక, మట్టి పొరలు కప్పుతారు. పని మొదలైనప్పుడు ఒడ్డు కొంతమేర మూసేస్తారు, పంట్లు వస్తాయి, తవ్వే యంత్రాలు వస్తాయి, కొత్త కంచెలు వస్తాయి. అప్పుడు ఫోటోగ్రాఫర్లంతా "ఇప్పుడు రావద్దు, బాగోదు, పనైపోయాక రండి" అంటారు, చూస్తూ ఉండండి. నిజానికి ఆ ఒడ్డును తీయాల్సింది అప్పుడే. 1906 నుంచి దిగిన సరుకు పైకి తేలే రోజులవి.

ఈ హాల్లో ఎవరెవరి పిల్లలు ఆ ఊళ్ళో ఉన్నారో నాకు తెలుసు, బయట కాఫీ దగ్గర కొందరు చెప్పారు కూడా. అవతలి ఒడ్డు ఆఫీసునుంచి నడిచివచ్చినా ఒక గంట. మంచి కెమెరా అక్కర్లేదు, ఫోన్ చాలు. నెలకోసారి ఒకేచోట నిలబడి, దక్షిణంగా ఒకటి, కంచెవైపు ఒకటి తీసి, తేదీ వేసి దాచిపెట్టమని చెప్పండి. నాకు పంపితే నేను వరసలో పెడతాను. చిరునామా నిర్వాహకుల దగ్గర ఉంది.